సున్నాతో నీకేం పని?

ఒకే పేపరు నాలుగుసార్లు తప్పడం అంత తేలికైన పని కాదు. దానికీ పట్టుదల కావాలి. అది నాకు కావలసినంత ఉంది.

పదిహేనేళ్ళుగా నేను కాలేజీలో ఎలక్ట్రికల్ ల్యాబు అటెండర్ని. పొద్దున్నే తాళం తీసి, మీటర్లు తుడిచి, చిక్కుపడ్డ వైర్లు విడదీసి, పిల్లలు కాల్చేసిన ఫ్యూజులు మార్చి, సాయంత్రం తాళం వేసేది నేనే. ఏ మీటరు ముల్లు అబద్ధం చెబుతుందో, ఏ మోటారు ఎందుకు మూలుగుతుందో నాకు తెలుసు. కొత్తగా చేరిన సార్లు కూడా పిల్లలు చూడకుండా నా దగ్గరికొచ్చి, "ఈ కనెక్షన్ సరిగ్గానే ఉందంటారా?" అని అడిగి వెళ్ళేవాళ్ళు. అయినా నేను అటెండర్నే. ఎందుకంటే నా డిప్లొమాలో ఒక్క పేపరు మిగిలిపోయింది. లెక్కలు.

ఈసారి సంగతి వేరు. ల్యాబు ఇన్‌స్ట్రక్టరుగారు రిటైరవుతున్నారు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "డిప్లొమా తెచ్చి నా బల్ల మీద పెట్టమ్మా, ఆ కుర్చీ నీదే. లేదంటే బయటినుంచి ఎవరినో ఒకర్ని తీసుకోక తప్పదు" అన్నారు. అది చాలదన్నట్టు పరీక్షల ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఈ ఐదోసారే ఆఖరిసారట. ఇదీ పోతే అంతకుముందు పాసయిన పేపర్లు కూడా చెల్లవట. అంటే పదిహేనేళ్ళ నా ఆశ మూడు గంటల్లో తేలిపోతుంది.

మిగతా లెక్కలు ఎలాగో గట్టెక్కేవి. నన్ను ముంచేది సంకీర్ణ సంఖ్యలే. సంకీర్ణ సంఖ్య అంటే గ్రాఫు కాగితం మీద ఒక చుక్క. 3 + 2i అంటే సున్నా దగ్గర్నుంచి అడ్డంగా మూడు గళ్ళు, పైకి రెండు గళ్ళు. అంతవరకూ బాగానే ఎక్కింది. దానికి అటొక నిలువు గీత, ఇటొక నిలువు గీత పెట్టి మాడ్యులస్ అనగానే ఉన్న మతి పోయేది. చిన్నప్పుడు బళ్ళో "మాడ్యులస్ అంటే మైనస్ గుర్తు తీసెయ్యడమే" అని చెప్పారు. ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది. మొదటిసారి పరీక్షలో 3 − 4i కి మాడ్యులస్ ఎంత అని అడిగితే, మైనస్ పీకేసి 3 + 4i అని రాసి, ఇంత తేలిక ప్రశ్న ఇచ్చారేమిటా అని నవ్వుకుంటూ బయటికొచ్చాను.

తర్వాత రెండిటినీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం తియ్యాలని బట్టీ కొట్టాను. జవాబు ఐదు వచ్చేది. ఆ ఐదు ఏమిటో, ఎక్కడుంటుందో మాత్రం తెలీదు. ఇక |z − 3 − 2i| = 5 అయ్యే చుక్కలన్నీ గ్రాఫు మీద చూపించండి అని అడిగితే కుడితిలో పడ్డ ఎలుకనే. అది పన్నెండు మార్కుల ప్రశ్న. ఐదు కనిపిస్తే చాలు, కంపాస్ ముల్లు సున్నా మీద గుచ్చి ఐదు గళ్ళంత వృత్తం గీసేదాన్ని. చక్కటి వృత్తం. చక్కదనానికి మార్కులు లేవని నాలుగుసార్లు చెప్పారు.

ఇంట్లో కూర్చుని చదువుకోవడానికి ఉన్నది ఒక్కటే బల్ల. అది మా వదినది. వదిన అంటే మా ఆయన అక్క. భర్త పోయినప్పటినుంచి మాతోనే ఉంటూ, ముందు గదిలో ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. వీధంతా కత్తెరమ్మ అంటారు. ఆ పేరు పనివల్ల సగం, నోటివల్ల సగం వచ్చింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు గాని, మా ఇంట్లో అసలు మొగుడికంటే ఆ అర్ధమొగుడిదే పెత్తనం. మా ఆయన బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత పెద్ద లారీకీ దారివ్వడు గాని, ఇంటికొస్తే మా ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్క.

బల్ల గురించి మాకు ఆయన కుదిర్చిన ఒప్పందం ఒకటుంది. తెల్లారి ఐదు నుంచి ఏడు దాకా నాది. ఏడు కొట్టగానే ఆవిడది. ఒక్క నిమిషం దాటినా వదిన నా పుస్తకం మీదే గుడ్డ పరిచేసేది.

"తియ్యి తియ్యి. గుడ్డకి ఇంకు అంటితే నువ్వు తొడుక్కుంటావా?"

"ఇంకో రెండు నిమిషాలు వదినా."

"నాలుగుసార్లు తప్పినదానివి, ఈ రెండు నిమిషాల్లో ఏం ఉద్ధరిస్తావు?"

ఓరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోరు కూడా తక్కువేం కాదు. "మీ టేపు కంటే నా బుర్రే నయం. మొదట్నుంచీ చివరిదాకా అన్ని అంకెలూ ఉన్నాయి" అన్నాను.

ఆ టేపు అలాంటిది మరి. దాని కొసనున్న రేకు ఊడిపోయి, మొదటి ఏడెనిమిది అంగుళాలు పీచులు లేచి, అంకెలు చెరిగిపోయి ఉండేవి. కొత్తది కొనమంటే, కొత్త టేపులు సాగుతాయని వినేది కాదు. ఏది కొలిచినా పది అంకె దగ్గర మొదలుపెట్టేది. ముప్ఫై వస్తే అందులోంచి పది తీసేసి ఇరవై అనేది. పాతికేళ్ళ అలవాటు, ఆ తీసెయ్యడం ఆవిడకి ఊపిరి తీసినంత తేలిక. మాకే అది తెలిసీ తెలియనట్టుండేది.

పరీక్ష ఇంకో రెండు వారాలుందనగా, ఓ ఆదివారం డ్యాన్సు టీచరొకావిడ ఎనిమిది గౌన్ల గుడ్డ తెచ్చి పడేసింది. పదేళ్ళ పిల్లలకి, గిర్రున తిరిగితే గొడుగులా విచ్చుకునే గౌన్లు. వాటిని కత్తిరించే పద్ధతి ఒకటుంది. గుడ్డని నాలుగు మడతలు పెడతారు. నాలుగు మడతలూ కలిసే మూలలో గుండుసూదితో టేపుని గుచ్చుతారు. టేపు బిగుతుగా పట్టుకుని, కావలసిన అంకె దగ్గర సుద్ద పెట్టి, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తిప్పుతారు. మడత విప్పితే నిండు గుండ్రం.

వదిన ఏడు గౌన్లకి గీతలు గీసి, నడుం పట్టేసి కూర్చుంది. నా చదువు నేను చదువుకుంటున్నాను.

"అమ్మాయ్, ఆ ఎనిమిదోది నువ్వు గియ్యి. సూది గుచ్చేశాను, నడుం గీత గీసేశాను. అంచు గీత ఒక్కటే. ఇరవై ఐదు."

నేను లేచి, టేపు లాగి, ఇరవై ఐదు అంకె దగ్గర సుద్ద పెట్టి చక్కగా తిప్పాను. మెప్పు సంపాదిద్దామని, ఆవిడ చెప్పకుండానే కత్తెర కూడా వేశాను. మడత విప్పి పట్టుకుంటే, పదేళ్ళ పిల్ల గౌను కాస్తా మూడేళ్ళ పిల్ల గౌనైంది.

నా పై ప్రాణం పైనే పోయింది. ఇవాళ ఈ ఇంట్లో నేనో కత్తెరమ్మో ఒక్కరే మిగులుతాం అనుకున్నాను. వదిన గుడ్డ చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. అరవలేదు. దానికే ఇంకా భయమేసింది.

"ఎక్కడ్నించి కొలిచావు?"

"టేపు మీద ఇరవై ఐదు దగ్గరే పెట్టాను వదినా."

"ఎక్కడిదాకా కొలిచావని అడగలేదు. ఎక్కడ్నించి అని అడిగాను."

"సున్నా నుంచి..."

"సూది ఎక్కడుంది?"

"పది మీద."

"సూది పది మీదుంటే సున్నాతో నీకేం పని? సూది దగ్గర్నుంచి ఇరవై ఐదు రావాలంటే టేపు మీద ముప్ఫై ఐదు చూడాలి. చూసిన అంకెలోంచి మొదలుపెట్టిన అంకె తీసేస్తే కదా దూరం!"

నేను కొయ్యలా నిలబడిపోయాను. గౌను గురించి కాదు. చూసిన అంకెలోంచి మొదలుపెట్టిన అంకె తీసేస్తే దూరం. z లోంచి 3 + 2i తీసేస్తే... తీసెయ్యడమంటే అక్కడ సూది గుచ్చడమన్నమాట! మాడ్యులస్ అంటే ఆ సూది దగ్గర్నుంచి దూరమన్నమాట! నాలుగుసార్లూ నేను సూది లేనిచోట, సున్నా మీద కూర్చుని కొలుస్తున్నాను. పుస్తకం లాక్కుని, అడ్డంగా మూడు, పైకి రెండు గళ్ళ దగ్గర కంపాస్ ముల్లు గుచ్చి, ఐదు గళ్ళంత వృత్తం గీశాను. వెనక జవాబుల పేజీ తిప్పి చూస్తే అచ్చం అదే.

"గుడ్డ తగలేసి గీతలు గీసుకుంటున్నావా? సిగ్గుండాలి!" అంది వదిన. అప్పుడు అరిచింది. ఆ అరుపు నాకు ఎంత తియ్యగా వినిపించిందో చెప్పలేను.

చెడిపోయిన గౌనుకి కింద పది అంగుళాల కుచ్చు అతికించింది వదిన. డ్యాన్సు టీచరుకి అది తెగ నచ్చి, మిగతా ఏడింటికీ కూడా పెట్టమంది. ఆ కుచ్చులకి సాయం పట్టే పని నామీద పడింది. వదిన మిషన్ తొక్కుతుంటే నేను మడతలు పట్టి అందిస్తూ ప్రశ్నలడిగాను.

"వదినా, ముందు నుంచి వెనక్కి కొలిస్తే? ముప్ఫై దగ్గర మొదలుపెట్టి పది దాకా వస్తే మైనస్ ఇరవయ్యా?"

"వెనక్కి కొలిస్తే గుడ్డ తరిగిపోతుందా ఏం? నీ దగ్గర్నుంచి నా దగ్గరికి ఎంతో, నా దగ్గర్నుంచి నీ దగ్గరికీ అంతే."

మైనస్ తీసెయ్యమని బళ్ళో ఎందుకు చెప్పారో నాకు ఆ రోజు తెలిసింది. దూరానికి మైనస్ ఉండదు గనక. కారణం చెప్పకుండా పని మాత్రం చెప్పారు. దాన్నే పట్టుకుని నేను ఇన్నేళ్ళు వేలాడాను.

"మరి z కి రెండు కలిపితే? |z + 2| అని ఇస్తాడు. తీసెయ్యడం లేదే, అప్పుడు సూది ఎక్కడ గుచ్చాలి?"

వదిన మిషన్ ఆపి ఆలోచించింది. "మంచి టేపే ఉందనుకో. దాని మొదట్లో రెండంగుళాల పీలిక అతికించి, ఆ పీలిక కొసన సూది గుచ్చావు. అప్పుడు?"

"చూసిన అంకెకి రెండు కలుపుకోవాలి."

"అయితే సూది సున్నాకి ఎటువైపున్నట్టు?"

ఎడమవైపు, రెండు గళ్ళు. మైనస్ రెండు మీద. నేను ఆవిడ భుజం పట్టుకుని ఊపేశాను. "సూది విరుగుతుందే!" అని కసిరింది.

మర్నాడు ఐదు గంటలకి లేచి లైటు వేస్తే, వదిన అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు రెండు కప్పుల టీ. "నిద్ర పట్టలేదులే" అంది. ఆ తర్వాత పరీక్షదాకా ఆవిడకి ఒక్కరోజూ నిద్ర పట్టలేదు. ఏడు కొట్టినా నా పుస్తకం మీద గుడ్డ పరచలేదు. మా ఆయన డ్యూటీకి వెళ్తూ మమ్మల్ని చూసి, ఎక్కడ దిష్టి తగులుతుందో అన్నట్టు చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికేసి వెళ్ళేవాడు.

నేను ప్రశ్న చదివేదాన్ని. ఆవిడ దాన్ని గుడ్డలోకి మార్చేది. "అడ్డంగా మూడు, పైకి నాలుగు అయితే ఏడు కావాలి కదా వదినా, ఐదేమిటి?" అని అడిగితే, పాత గుడ్డముక్క అంచు వెంబడి మూడంగుళాలు, పైకి నాలుగంగుళాలు గుర్తుపెట్టింది. "అంచులు పట్టుకుని నడిస్తే ఏడే. ఏటవాలుగా టేపు లాగి చూడు." టేపు మీద పదిహేను వచ్చింది. పది తీసేస్తే ఐదు. వర్గమూలంలో ఎప్పుడూ ఊరికే వచ్చిపడే ఐదుని నేను మొదటిసారి వేలితో తాకాను.

మరోరోజు, రెండు చుక్కలకీ సమానదూరంలో ఉండే చోట్లన్నీ చూపించమనే లెక్క వచ్చింది. అది అర పేజీ బీజగణితం, ఎప్పుడూ గుర్తులు తారుమారయ్యేది. వదిన కాగితం అడిగింది. రెండు చుక్కలు పెట్టించి, కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని, చుక్క మీద చుక్క కూర్చోబెట్టి మడిచి గోటితో నొక్కింది. "రెంటికీ సమానం అంటే మడతేగా! జాకెట్టు ముందు భాగాలు రెండూ సమానంగా రావాలంటే ఇంకేం చేస్తాం?" మడత విప్పి చూస్తే, దాని మీద ఎక్కడ కొలిచినా రెండు చుక్కలకీ ఒకటే దూరం. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఇన్నేళ్ళు ఈ బల్ల కోసం ఈవిడతోనా నేను పోట్లాడింది అనిపించింది.

పరీక్ష రోజున నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. పన్నెండు మార్కుల ప్రశ్న అదే. |z − 4| = |z − 2i|. అంటే ఒక సూది అడ్డంగా నాలుగు మీద, ఇంకోటి పైకి రెండు మీద. రెండిటికీ సమానదూరం. ముందు బీజగణితం చేశాను. y = 2x + 3 వచ్చింది. మామూలుగా అయితే అక్కడితో దణ్ణం పెట్టి ముందుకెళ్ళేదాన్ని. ఈసారి ఇంకో గ్రాఫు కాగితం అడిగి తీసుకున్నాను. రెండు చుక్కలు పెట్టి, కిటికీ వెలుతురుకి పట్టుకుని, చుక్క మీద చుక్క వచ్చేలా మడవబోయాను.

కాపలా ఉన్న సారు పరుగున వచ్చారు. "ఏంటమ్మా అది? చీటీనా?"

"మడత సార్."

కాగితం లాక్కుని, ముందూ వెనకా చూసి, మళ్ళీ వెలుతురుకి పట్టి చూశారు. "ఇందులో ఏం రాశావు?"

"రెండు చుక్కలు సార్."

రెండు చుక్కల్లో ఏ మోసం ఉందో ఆయనకి అంతుపట్టలేదు. కాగితం ఇచ్చేసి, మిగతా సమయమంతా నా పక్కనే నిలబడ్డారు. నేను మడిచి నొక్కి విప్పాను. మడత సున్నాకి పైనుంచి కాదు, కిందనుంచి పోతోంది. మూడు గళ్ళ కింద. అంటే నా లెక్కలో ఎక్కడో గుర్తు తప్పింది. వెనక్కెళ్ళి వెతికితే రెండో వరుసలోనే దొరికింది, పన్నెండుకి మైనస్ ఉండాలి. దిద్దాను. y = 2x − 3. ఆ గీత మీద సున్నా కింద మూడు దగ్గర చుక్క తీసుకుని చూశాను. ఒక సూదికి ఐదు, రెండో సూదికి ఐదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సారు అనుమానంగా ఇంకో అడుగు దగ్గరికొచ్చారు.

నెలన్నరకి ఫలితాలొచ్చాయి. అరవై మూడు. కాలేజీ నోటీసు బోర్డు ముందు నిలబడి నా నంబరు మూడుసార్లు చదివాను. లెక్కల సారు వెనకనుంచి వచ్చి, "అరవై మూడా! ఎవరి దగ్గర ట్యూషన్ చెప్పించుకున్నారు?" అన్నారు.

"మా వదిన దగ్గర సార్."

"ఆవిడ ఏ కాలేజీలో చేస్తారు?"

"ఇంట్లోనే సార్."

"ఇంకేం, మంచిది. మా అమ్మాయికి కూడా ఇవే లెక్కలు కొరకరాని కొయ్యలైపోయాయి. ఆదివారాలు పంపిస్తాను, కాస్త చెప్పమని అడుగుతారా?"

ప్రిన్సిపాల్ గారికి మార్కుల కాగితం చూపించి, వచ్చే సోమవారం నుంచి ఇన్‌స్ట్రక్టరుగా చేరమన్న మాట ఆయన నోట విని, సాయంత్రం దాకా ఆగలేక మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. వదిన మిషన్ మీద ఉంది.

"అరవై మూడు వదినా! ఉద్యోగం ఇచ్చేశారు!"

"వందకా?"

"వందకే."

"మిగతా ముప్ఫై ఏడూ ఎక్కడ పారేసుకున్నావు?" అంది గాని, కాలు తొక్కడం ఆగిపోయింది.

దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చిన మాట ఒకటుంది. పెళ్ళయిన ఈ పంతొమ్మిదేళ్ళలో ఆవిడతో ఎన్నడూ అనని మాట. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పేశాను. "వదినా, ఇది మీరు పెట్టిన భిక్ష. మీరు లేకపోతే ఐదోసారీ సున్నా చుట్టే తిరుగుతూ ఉండేదాన్ని. ఈ ఋణం నేను తీర్చుకోలేను."

"చాల్లే సంబడం" అంది మొహం తిప్పుకుని. ఆవిడని నవ్విద్దామని లెక్కల సారు అడిగిన సంగతి చెప్పాను. మీరు ఏ కాలేజీలో పాఠాలు చెబుతారని అడిగారు, వాళ్ళమ్మాయిని ఆదివారాలు మీ దగ్గరికి లెక్కలకి పంపిస్తారట అన్నాను. వదిన నిజంగానే నవ్వింది. పొట్ట పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నేను ఏడో తరగతిలో చదువు మానేశాను, తెలుసా?"

"కుట్టుపని మీద ఇష్టంతో మానేశారటగా. మీ తమ్ముడు చెప్పారు."

"అది నేను వాడికి చెప్పిన మాట. మా మాస్టారు నాన్నని బడికి పిలిపించారు. క్లాసంతా వింటుండగానే చెప్పారు. ఈ పిల్లకి లెక్కలు ఎక్కవు, ఈ జన్మకి రావు, కుట్టుపనిలో పెట్టుకోండి అని. నాన్న నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాడు." చేతిలోని గుడ్డని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "అరవయ్యేళ్ళు వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు."

నేను స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

"ఆయనకి తెలీలేదు వదినా. మీకు లెక్కలొచ్చు. నాకు లెక్కలు నేర్పింది మీరే."

వదిన కళ్ళజోడు తీసి, ఒళ్ళో ఉన్న గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోసారి చెప్పు" అంది.

చెప్పాను.